భోంగా లేని ఊరు

మా మనవరాలు పొద్దున పదకొండింటికి లేచి, నోట్లో బ్రష్షు పెట్టుకునే "గుడ్ మార్నింగ్ తాతా" అంటుంది. ఏం మార్నింగు? ఆ వేళకి నేను రెండు చాయ్‌లు తాగి, గాంధీ చౌక్ దాకా నడిచొచ్చి, పేపరు ఆసాంతం చదివి, ఒక కునుకు కూడా తీసి లేస్తాను. చంద్రపూర్‌లో మే నెల పదకొండంటే రోడ్డు మీద కాకి కూడా కనపడదు. కుక్కలు మోరీల్లో దూరి పడుకుంటాయి. ఆ పిల్లకు మాత్రం అప్పుడే తెల్లవారుతుంది.

మా రోజుల్లో ఊరంతా భోంగా మీద నడిచేది. భోంగా అంటే బొగ్గుబాయి కూత. మరాఠీవాళ్ళ మాట అది. కరీంనగర్ నుంచి, మంచిర్యాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన మేమూ అదే మాట అనేవాళ్ళం. ఇక్కడ తెలుగువాళ్ళు ఎందుకున్నారని కొత్తవాళ్ళు అడుగుతుంటారు. వార్ధా నది దాటితే వచ్చే రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, మన ఆదిలాబాద్ జిల్లాలోదే. 1959లో చాందా జిల్లాలో, అంటే ఇప్పటి చంద్రపూర్‌లో కలిపారు. రాష్ట్రాల గీతలు మారాయి, మనుషులు ఉన్నచోటే ఉన్నారు. సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు.

నేను 1977లో, ఇరవయ్యో ఏట బాయిలో చేరాను. గనులు సర్కారువై అప్పటికి నాలుగేళ్ళు. పొద్దున ఎనిమిదికి ఫస్టు షిఫ్టు, నాలుగింటికి సెకండు, రాత్రి పన్నెండుకు నైటు. అరగంట ముందొక కూత, వేళకొక కూత. మా ఇంట్లో 1984 దాకా గోడ గడియారం లేదు, దాని అవసరమూ పడలేదు. ఏడున్నర కూతకు అవ్వ జొన్నరొట్టెలు డబ్బాలో పెట్టి మూత బిగించేది. నాలుగింటి కూతకు ఎదురింటి వాళ్ళ బర్రె పాలు పిండమని అరిచేది. దానికి నెలజీతం లేదు, మస్టరు లేదు, అయినా ఒక్కరోజు తప్పలేదు. బడిపిల్లలు, కిరాణా కొట్టు సేటు, పక్కింటి మరాఠీ మాస్టారు, బాయితో ఏ సంబంధం లేనివాళ్ళు కూడా దాని కూతకే లేచి దాని కూతకే తిన్నారు. రాత్రి పన్నెండు కూత వినిపిస్తే చంటిపిల్లలు కూడా ఉలిక్కిపడేవాళ్ళు కాదు. అది వినపడకపోతేనే మెలకువ వచ్చేది.

ఇప్పుడు మా ఇంట్లో అయిదుగురం, అయిదు ఫోన్లు, సెకను తేడా లేకుండా అన్నీ ఒకే టైము చూపిస్తాయి. కానీ కూర్చుని కలిసి అన్నం తినే పూట లేదు. కొడుకుది షిఫ్టు డ్యూటీ. కోడలిది పొద్దుటి బడి. మనవడు రాత్రి పదిన్నరకు ఫోన్లో ఏదో నొక్కితే పదకొండుకు ఎవరో కుర్రాడు బండి మీద బిర్యానీ పట్టుకొస్తాడు. రాత్రి పదకొండుకు బిర్యానీ! మా అవ్వ బతికుంటే గరిటె పట్టుకుని వీధి చివరిదాకా తరిమేది, తెచ్చినవాణ్ణి కాదు, తెప్పించుకున్నవాణ్ణి.

ఈ మాటే ఒకసారి మనవరాలితో అన్నాను. నాగపూర్‌లో జీవశాస్త్రం చదువుతోంది, సెలవులకు వస్తుంది. "మీ తరానికి గడియారాలున్నాయి గానీ వేళ లేదు" అన్నాను. ఆ పిల్ల నవ్వింది. "తాతా, నువ్వు చెప్పే భోంగా మనిషి తలకాయలోనే ఉంది తెలుసా" అంది. నాకు అరవై ఎనిమిదేళ్ళు, నా తలకాయలో ఏముందో నాకు తెలియదా అనుకున్నాను. తెలియదు.

రెండు కళ్ళ నుంచి లోపలికి పోయే నరాలు ఒకచోట కత్తెరలాగా ఒకదాన్నొకటి దాటుతాయట. సరిగ్గా దాని పైన, బియ్యపు నూకంత జాగాలో కణాల గుంపు ఒకటుంది. పేరు సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్. ఆ పేరు పలకడానికి నాకు మూడు రోజులు పట్టింది. అటు పదివేలు, ఇటు పదివేలు, మొత్తం ఇరవై వేల కణాలు. మనం ఎప్పుడు నిద్రపోవాలి, ఒంటి వేడి ఎప్పుడు తగ్గాలి, ఏ గ్రంథి ఎప్పుడు స్రవించాలి అన్నీ అక్కడి నుంచే నడుస్తాయి. 1970ల్లో ఎలుకల్లో ఆ నూకను తీసేసి చూశారు. ఎలుకలు చావలేదు, నిద్రా మానలేదు. రాత్రీ పగలూ అన్న తేడా లేకుండా ఎప్పుడు పడితే అప్పుడు ముక్కలు ముక్కలుగా పడుకున్నాయి. "అచ్చం మీ తమ్ముడిలాగా" అన్నాను.

నేనైతే లోపల ఒక పెద్ద గడియారం ఉంటుందనుకున్నాను, మన జట్‌పురా గేటు పక్కన పెద్దమనిషి నిలబడి అందరికీ టైము చెప్పినట్టు. అట్లా కాదట. ఆ ఇరవై వేలలో ప్రతి కణమూ సొంతంగా ఒక గడియారమే. దాని లోపలి పని మన మిద్దె మీది నీళ్ళ ట్యాంకు లాంటిది. నీళ్ళు నిండుతుంటే బంతి పైకి లేస్తుంది, పూర్తిగా లేవగానే గొట్టం మూసేస్తుంది. వాడకంలో నీళ్ళు తగ్గుతాయి, బంతి దిగుతుంది, మళ్ళీ గొట్టం తెరుచుకుంటుంది. కణంలో పీరియడ్ అని ఒక జన్యువు ప్రొటీన్ తయారు చేయిస్తుంది. ఆ ప్రొటీన్ పేరుకుని పేరుకుని, తిరిగి కేంద్రకంలోకి వెళ్ళి తనను పుట్టించిన జన్యువునే ఆపేస్తుంది. ఉన్నది మెల్లగా కరిగిపోయాక జన్యువు మళ్ళీ మొదలు పెడుతుంది. ఈ చుట్టు తిరగడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ఆ జన్యువు జాడ 1971లోనే పండ్ల ఈగల్లో పట్టారు, దాని లోగుట్టు విప్పిన హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి 2017లో నోబెల్ ఇచ్చారు. నేను రిటైరైన ఏడాది అది. నాకు శాలువా, కొబ్బరికాయ, ఒక గోడ గడియారం ఇచ్చారు. ఇక వేళతో పనిలేని మనిషికి గడియారం ఇవ్వడం ఎవరి బుర్రలో పుట్టిందో ఆ దేవుడికే తెలియాలి.

ఇక్కడి దాకా సరే. అసలు తమాషా తర్వాత ఉంది. ఆ కణాల్ని విడదీసి గాజు పళ్ళెంలో వేటికవి పెట్టి 1995లో చూశారట. అన్నీ తిరుగుతూనే ఉన్నాయి గానీ ఏ రెండింటికీ పొత్తు లేదు. ఒకదాని రోజు ఇరవై నాలుగు గంటల కంటే పొట్టిదయితే ఇంకోదానిది పొడుగు. ఒకటి పొద్దున అంటే ఇంకోటి సాయంత్రం అంటుంది. అవే కణాలు తలలో పక్కపక్కన ఉన్నప్పుడు మాత్రం అన్నీ కలిసి ఒకే రోజును నడిపిస్తాయి. పెత్తందారు లేడు. ఒకదాని చప్పుడు పక్కది వింటుంది, అంతే. విని, తొందరపడేది కొంచెం ఆగుతుంది, వెనకబడింది కొంచెం పరుగెత్తుతుంది.

ఈ మాట వినగానే నాకు టబ్బు గుర్తొచ్చింది.

బాయి లోపల బొగ్గు నింపిన టబ్బు పట్టా దిగిందనుకోండి. టన్ను బరువు, కింద బురద, పైన కప్పు నడుముకు కొంచెం ఎత్తు. ఆరుగురం చేరేవాళ్ళం. ఆరుగురిలో ఒక తెలుగువాడు, ఒక గోండు, ఒక ఛత్తీస్‌గఢీ, ఇద్దరు మరాఠీలు, ఒక బిహారీ. టోపీ దీపాల వెలుగులో ఒకరి ముఖం ఒకరికి సగమే కనపడేది. మొదటిసారి ఎవడికి తోచినప్పుడు వాడు తోస్తాడు. టబ్బు కదలదు, భుజం తోలు లేచిపోతుంది. అప్పుడు ఎవడో ఒకడు, ఎప్పుడూ ఒకడే కాదు, "జోర్ లగాకే" అనేవాడు. మిగతావాళ్ళం "హైషా". రెండో హైషాకు ఇంకా ఒకరిద్దరు ముందూ వెనకా. మూడోసారికి ఆరు ఊపిరులు ఒక్కటయ్యేవి. బలం పెరగలేదు, ఆ ఆరుగురమే. టబ్బు మాత్రం లేచి పట్టా మీద కూర్చునేది, టంగ్‌మని.

"అదే తాతా, ఆ హైషాకి పేరుంది, వీఐపీ" అంది పిల్ల. నాకు నవ్వాగలేదు. మన ఊళ్ళో వీఐపీ వస్తే నాలుగు గంటలు ట్రాఫిక్ ఆగిపోతుంది. తలలోని వీఐపీ వచ్చాకే బండ్లన్నీ వరసలో పోతాయట. పూర్తి పేరు వాసోయాక్టివ్ ఇంటెస్టైనల్ పెప్టైడ్. మొదట పేగుల్లో దొరికింది కాబట్టి పేగుల పేరు పెట్టారు. ఆ నూకలో కొన్ని కణాలు దాన్ని వదులుతాయి, పక్కవి అందుకుంటాయి. వీఐపీ లేకుండా పుట్టిన ఎలుకల్ని 2005లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు పరీక్షించారు. చాలా కణాలు అసలు లయే తప్పాయి, తిరిగేవి కూడా ఎవరికి వారే అయ్యాయి. గడియారాలు చెడలేదు, మాటలు పోయాయి. మా ఇంటి సంగతి కూడా ఇదే అని నేననలేదు. అనాలనిపించింది.

మరి గుంపు మొత్తానికి బయటి వేళ ఎట్లా తెలుస్తుంది? దానికి సూర్యుడే భోంగా. కంటి వెనక తెరలో, చూపుతో పెద్దగా పనిలేని కణాలు కొన్ని ఉన్నాయని 2002లో బయటపడింది. ఎదుట ఎవరున్నారో వాటికి అక్కర్లేదు, వెలుగు ఎంతుందో కొలిచి ఆ నూకకు కబురంపుతాయి. నీలం వెలుగంటే వాటికి మరీ చురుకు. మనవడి ఫోన్ ఒలకబోసేది ఆ వెలుగే. వాడు రాత్రి రెండింటికి దుప్పటి కింద ఫోన్ చూస్తుంటే వాడి తలలో పాపం ఇరవై వేలమంది సెకండు షిఫ్టు ఇంకా అయిపోలేదనుకుంటున్నారన్నమాట. ఈ మాట వాడికి చెప్పాను. చెవుల్లో ఏవో పెట్టుకున్నాడు, వినలేదు.

వెలుగే లేకపోతే? ఆ ప్రశ్న నాకు బాగా తెలిసిన ప్రశ్న. నలభై ఏళ్ళు చీకట్లో పని చేసినవాణ్ణి. 1962లో మిషెల్ సిఫ్ర్ అనే ఫ్రెంచి కుర్రవాడు గడియారం లేకుండా ఒక మంచు గుహలోకి దిగి రెండు నెలలున్నాడట. సెప్టెంబరు 14న పైకి పిలిస్తే, వాడి లెక్కలో అది ఆగస్టు 20. నిద్ర, మెలకువ మాత్రం దాదాపు ఒక రోజు చొప్పున నడుస్తూనే ఉన్నాయి. లోపలి గడియారం సూర్యుడు లేకున్నా తిరుగుతుంది, కాకపోతే కొంచెం నెమ్మది. మనిషిది సగటున ఇరవై నాలుగు గంటల మీద ఇంకో పదకొండు నిమిషాలని హార్వర్డ్ వాళ్ళు 1999లో తేల్చారు. రోజూ ఆ పదకొండు నిమిషాల్ని పొద్దుటి ఎండ సరిదిద్దుతుంది. మాకు ఫ్రెంచివాడి బాధ రాలేదు. లోపల చీకటైనా నలుగురం ఉన్నాం. ఎవడి డబ్బా తెరుచుకుంటే ఆ వాసనకు అందరికీ ఆకలి వేళ తెలిసేది.

ఇదీ శాస్త్రంలో ఉందట, అదీ మన దక్షిణాదిలోనే. మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో ఎం.కె. చంద్రశేఖరన్ అనే పెద్దాయన, ఆయన శిష్యులు గుహలో గబ్బిలాల మీద పని చేశారు. ఒక గబ్బిలాన్ని గుహ లోపల చీకట్లో పంజరంలో పెట్టారు. దానికి సూర్యుడు కనపడడు. గుహలో మిగతా గబ్బిలాలు మాత్రం సాయంత్రం బయటికి ఎగిరిపోయి, తెల్లవారుజామున తిరిగొస్తున్నాయి. పంజరంలోది వాటి రాకపోకల్ని పట్టుకుని వాటి వేళకే రెక్కలు ఆడించింది. తోడు లేని గుహలో ఒంటరిగా పెడితే దాని వేళ మెల్లగా జరిగిపోయింది. 1981లో అచ్చయింది ఆ సంగతి. పగలంతా బాయిలో ఉండి పైకొచ్చే మాకు పక్కవాడే సూర్యుడని వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. మా ఊరి కోట గోడ దగ్గర సాయంత్రం గబ్బిలాలు లేచేటప్పుడు ఇప్పుడు ఆగి చూస్తున్నాను. ఇదివరకు ఆగేవాణ్ణి కాదు.

ఇంతసేపూ భోంగాను పొగిడాను కదా, ఇప్పుడొకటి ఒప్పుకోవాలి. ఆ పిల్లే ఒప్పించింది. "తాతా, నీ భోంగా రాత్రి పన్నెండుకు కూడా కూసేది కదా, అప్పుడు నీ తలలోని భోంగా ఏమనేది?" అంది.

ఏమనేది అంటే, పండుకో అనేది. మా గనిలో వారం వారం షిఫ్టు మారేది. ఫస్టు తర్వాత నైటు, నైటు తర్వాత సెకండు. ప్రతి వారం ఎనిమిది గంటలు వెనక్కి. ఒంటి రోజు ఇరవై నాలుగు కంటే కొంచెం పొడుగు గనక ముందుకు జరపడం ఒంటికి సులువు, వెనక్కి లాగడం కష్టం. అంటే మాకు తిప్పింది తిరకాసుగా. ఎవరూ మమ్మల్ని అడగలేదు, వాళ్ళకూ తెలిసి ఉండదు. నైటు షిఫ్టులో రెండింటికి డబ్బా విప్పి రొట్టె, పచ్చడి తింటే ఛాతీలో మంట. కాలేయానికి, పేగులకు కూడా వేరే గడియారాలున్నాయట, అవి తిండి వేళను పట్టుకుంటాయట. తల ఒక షిఫ్టులో, కడుపు ఇంకో షిఫ్టులో. రెండింటి మధ్య నేను. ఇరవై ఏళ్ళు సోడా పొడి నాకాను.

1989లో అనుకుంటా, చలికాలం. నైటు షిఫ్టు మూడో రోజు, నాలుగు కావస్తోంది. హాలేజి తాడు దగ్గర గంట కొట్టే పని నాది. మూడు కొట్టాల్సిన చోట రెండు కొట్టాను. కొట్టినట్టు కూడా గుర్తులేదు, కళ్ళు తెరిచే ఉన్నాయి. తాడు లాగింది, రెండు టబ్బులు పట్టా దిగి పడిపోయాయి. దారిలో మనిషి ఎవడూ లేడు కాబట్టి ఈ ముచ్చట ఇట్లా రాస్తున్నాను. పొద్దున మెమో ఇచ్చారు, డ్యూటీలో నిద్రపోయినందుకు. తెల్లవారుజామున ఒళ్ళు అన్నిటికంటే చల్లబడి, మెదడు అన్నిటికంటే మొద్దుబారే వేళ అదేనట. ఆ మెమో ఇప్పటికీ ట్రంకు పెట్టెలో ఉంది. మనవరాలు చదివి, "తాతా, ఇది నీకు కాదు ఇవ్వాల్సింది" అంది. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కిందున్న క్యాన్సర్ పరిశోధన సంస్థ రాత్రి షిఫ్టును క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న వాటిల్లో చేర్చింది. అప్పటికి నా సర్వీసు ముప్పై ఏళ్ళు.

ఆ పిల్ల అక్కడితో ఊరుకోలేదు. గుంపు కలిసి ఉండటమే గొప్ప అని నేను మళ్ళీ మొదలు పెట్టేసరికి ఇంకోటి తీసింది. అదే సెయింట్ లూయిస్ వాళ్ళు 2013లో వీఐపీ మోతాదు బాగా పెంచి చూశారట. ఇంకా గట్టిగా కలుస్తాయనుకుంటాం కదా? కణాలు చెల్లాచెదరయ్యాయి. అట్లా కొంత చెదిరిన గుంపే కొత్త వేళకు తొందరగా మళ్ళింది. బిగుసుకుపోయిన గుంపు అంత తొందరగా మళ్ళలేదు. "బాగా కలిసున్నవాళ్ళు బాగా మొండివాళ్ళు కూడా తాతా" అని నా వైపు చూసింది.

నాకు వెంటనే జవాబు తోచలేదు. కానీ చైత్రంలో మహాకాళీ జాతర గుర్తొచ్చింది. నాందేడ్ నుంచి, పర్భణీ నుంచి, ఆదిలాబాద్ నుంచి జనం దిగేవాళ్ళు. ఆ డప్పుల మోతలో భోంగా వినపడేది కాదు. ఎప్పుడు తిన్నామో, ఎక్కడ పడుకున్నామో లెక్క లేదు. జాతర అయిపోయిన సోమవారం నైటు షిఫ్టు పడితే, చిత్రంగా, ఎప్పటికంటే సులువుగా పోయేది. ఇది నా అనుభవం, శాస్త్రం అనను. ఆ పిల్లకు మాత్రం ఇంకా చెప్పలేదు. చెబితే గెలిచానంటుంది.

మా బాయి ఎప్పుడో మూతపడింది. ఇప్పుడు ఎక్కువగా ఓపెన్‌కాస్టులే. రాత్రంతా ఫ్లడ్‌లైట్లు, దుర్గాపూర్ వైపు కరెంటు కేంద్రం లైట్లు, పెళ్ళిళ్ళలో డీజేలు. ఆకాశం ఎప్పుడూ పూర్తిగా నల్లబడదు. మా వీధి చివర చింతచెట్టు మాత్రం పొద్దుగూకగానే ఆకు ముడుస్తుంది. అలెగ్జాండర్ దండులో ఒకడు చింతచెట్టు ఆకు రాత్రి ముడుచుకోవడం చూసి రాశాడట, రెండువేల మూడువందల ఏళ్ళ కింద. ఆ చెట్టు కింద వీధి దీపం పెట్టమని ఎవరో అర్జీ ఇచ్చారు. పెడితే దానికి కూడా నిద్ర పాడు.

ముసలితనంలో ఆ నూకలో కూడా గొంతులు తగ్గుతాయట. కణాలు ఉంటాయి, ఒకదాన్నొకటి అంత గట్టిగా పిలవవు. కంటి కటకం పసుపెక్కి నీలం వెలుగును ఆపేస్తుంది. మొన్న ఎడమ కంటికి శుక్లం ఆపరేషన్ చేయించుకున్నాను, ఆకాశం అంత నీలంగా ఉంటుందని మరిచిపోయాను. అయినా మెలకువ మాత్రం తెల్లవారుజామున మూడున్నరకే. నలభై ఏళ్ళలో ఒక్కరోజు కూడా నా అంతట నేను లేవాలనుకోని వేళ.

ఆ వేళకు వంటింట్లో లైటుంటుంది. ఆ పిల్ల చదువు అయిందో, ఫోన్ అయిందో, పడుకోబోయే ముందు చాయ్ పెట్టుకుంటుంది. నేను లేచి మొదటి చాయ్ పెట్టుకోవడానికి వెళతాను. ఇద్దరికీ కలిపి ఒకే గిన్నెలో పెడుతుంది. ఆమెకది రాత్రి చాయ్, నాకది పొద్దుటి చాయ్. రోజు మొత్తంలో మేమిద్దరం కలిసి కూర్చునేది ఆ పావుగంటే. నిన్న కూడా షుగర్ ఉందని చెప్పినా రెండు చెంచాలు వేసింది, గిన్నె కడగకుండా సింకులో పడేసి వెళ్ళి పడుకుంది. పాలు పొయ్యి పక్కనే వదిలేసింది. ఈ ఎండల్లో పొద్దుటికి విరిగిపోతాయని తెలియదా?